అనుమతి లేని చూపు

గత రంజాన్‌కు ముందు పలమనేరు ప్రాంతం నుండి ఒక తండ్రి మా మదర్సాకు వచ్చారు. ఆయన కుమార్తెకు నికాహ్ జరిగి ఏడాది దాటింది. సంబంధాలు చూస్తున్న రోజుల్లో ఒక పరిచయస్తునికి ఇచ్చిన ఆమె బయోడేటా, ఫోటోతో, ఫోన్ నంబరుతో సహా నేటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. ఎవరెవరో ఫోన్ చేస్తున్నారు. అత్తవారింట ఆ అమ్మాయి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తోంది. "హజ్రత్, దీనికి చట్టం ఏమీ లేదా? మన ధర్మం ఏమంటుంది?" అని ఆయన అడిగారు.

ముందుగా ధర్మం మాట. ఇతరుల ఇళ్ళలోకి అనుమతి పొందకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదని సూరె నూర్ 27వ ఆయతు విశ్వాసులను ఆదేశిస్తోంది. దైవప్రవక్త (స) వారి గదిలోకి ఒక వ్యక్తి సందులోంచి తొంగిచూసిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. అనుమతి నియమం ఏర్పడిందే చూపు విషయంలోనని ఆయన (స) ఆ సందర్భంలో వివరించారు. అంటే కాలు కదపకపోయినా, కన్ను లోపలికి వెళితే గడప దాటినట్లే. ఒకరు మాట చెబుతూ అటూ ఇటూ చూస్తే ఆ మాట విన్నవారి వద్ద అమానత్ అవుతుందని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లోని హదీసు తెలుపుతోంది. "ఎవరికీ చెప్పవద్దు" అని నోరు తెరిచి అననవసరం లేదు.

ఇక చట్టం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లోనే మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు కులం, మతం కూడా అందరికీ కనిపించాయి. విషయం బయటపడిన తర్వాత వాటిని తొలగించారు. ఇంటి కోసం దరఖాస్తు పెట్టుకున్న పేదవాని మతం ఊరందరికీ ఎందుకు తెలియాలి?

ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుండి అమలులో ఉన్న చట్టం మతవిశ్వాసం, ఆరోగ్యం వంటి వివరాలను ప్రత్యేక కోవలో చేర్చింది. స్పష్టమైన సమ్మతి వంటి కొన్ని మినహాయింపులు తప్ప, వాటి వాడకాన్నే నిషేధించింది. అమెరికాలో దేశమంతటికీ వర్తించే సమగ్ర చట్టం లేదు. ముస్లిం ప్రో అనే నమాజు వేళల యాప్ నుండి వాడుకదారులు ఎక్కడున్నారో తెలిపే సమాచారం ఎక్స్‌మోడ్ అనే సంస్థకు చేరిందనీ, ఆ సంస్థ సమాచారం అమెరికా సైనిక కాంట్రాక్టర్లకు అందుతోందనీ 2020 నవంబరులో పత్రికలు బయటపెట్టాయి. యాప్ వారు ఆ సంబంధాన్ని తెంచుకున్నారు. ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల సమాచారాన్ని అమ్మరాదని అక్కడి వాణిజ్య కమిషన్ ఎక్స్‌మోడ్‌ను ఆదేశించింది 2024 జనవరిలో!

మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. 18 ఏళ్ళలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఉల్లంఘించిన సంస్థలకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అయితే ఐరోపాలో వలె మతానికి ఇందులో ప్రత్యేక రక్షణ లేదు. పైగా, ఒక వ్యక్తి తన సొంత లేదా ఇంటి అవసరానికి వాడుకునే సమాచారానికి ఈ చట్టం వర్తించదు.

ఆ తండ్రికి నేను చెప్పవలసి వచ్చిన చేదు మాట ఇదే. ఫోన్ చేసి వేధించేవారిపై పోలీసులకు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కానీ మంచి మనసుతోనే ఆ ఫోటోను పదిమందికి పంపిన బంధువును ఈ చట్టం ప్రశ్నించదు. అతణ్ణి ప్రశ్నించగలిగేది అతని దైవభీతి మాత్రమే.

ఇద్దరం కూర్చుని గ్రూపులు నడిపేవారికి ఫోన్లు చేశాం. పలువురు వెంటనే తొలగించారు. ఒకాయన మాత్రం "సంబంధం కుదర్చడం సవాబే కదా" అన్నారు. సవాబే, సందేహం లేదు. కానీ పరుల అమానత్‌ను ఖర్చుచేసి సవాబు సంపాదించలేము.

కనుక సోదర సోదరీమణులారా, బయోడేటాలో ఫోటో, ఫోన్ నంబరు పెట్టకండి. ఇంటికి వచ్చిన పెద్దలకు చూపితే చాలు. మీకు అందినదాన్ని అడగకుండా ముందుకు పంపకండి, పని ముగిశాక తుడిచివేయండి. నమాజు వేళల యాప్‌లో తిరుపతి అనో చిత్తూరు అనో ఊరి పేరు మీరే ఎంచుకుంటే సరిపోతుంది. నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ప్రతి దొరుకుతుంది, సాధ్యమైన చోట దానినే ఇవ్వండి.

ఈ హితవు ముందుగా నాకే వర్తిస్తుంది. మా విద్యార్థుల ఆధార్ జిరాక్సులు ఎన్నో ఏళ్ళుగా తాళంలేని బీరువాలో ఉండేవి. ఆ తండ్రి వెళ్ళిన సాయంత్రమే తాళం కొనితెచ్చాను. మనకు అప్పగించబడిన ప్రతి అమానత్‌ను కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.