చేతులు మారుచున్న ఖాతాలు

అబిడ్సులోని జగదీశ్ మార్కెట్టు సెల్‌ఫోనుల క్రయవిక్రయములకు పేరుగాంచినది. నాంపల్లి స్టేషనులో దిగి, అచ్చటికేగి పాతది యిచ్చి క్రొత్తది కొనువారు గలరు. ఫోను చేతులు మారుటలో దోషము లేదు. దానితోపాటు ఫేస్‌బుక్కు, వాట్సాపు ఖాతాలును పరహస్తగతము లగుటయే దోషము. ఖాతా పోయిన నష్టము యజమానునితో నాగదు. అతని పేరు, అతని ఛాయాచిత్రము చూపి వంచకుడు బంధుమిత్రులను అప్పడుగును. నమ్మి యిచ్చినవారు మునుగుదురు. కావున ఖాతారక్షణము స్వవిషయము మాత్రమే కాదు, సంఘధర్మము. ఆ రెండు ఖాతాలను నడుపు కంపెనీ అమెరికాలో నున్నది. మన గుమ్మమునకు మొదటి కావలి మనమే.

చేయవలసినది స్వల్పము. ఫోను నమ్మకమునుపు ఖాతాలనుండి నిష్క్రమించి, అందలి సమస్తమును తుడిచివేయవలెను. వర్తకులును తుడిచివేయని ఫోనును కొనకుండుట నియమముగా నుంచుకొనవలెను. ఖాతా ఏయే యంత్రములలో తెరచియున్నదో సెట్టింగులలో చూచి, తెలియనివానిని తొలగింపవలెను. ఖాతాకొక పాస్‌వర్డుంచి, రెండంచెల ధ్రువీకరణము నేర్పరచుకొనవలెను. పుట్టినతేదియు, ఇంటి చిరునామాయు లోకమునకు చాటు పాత వ్రాతలను తీసివేయవలెను. ఓటీపీ నెవ్వరడిగినను చెప్పరాదు. సొమ్ము పోయినచో తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. జాప్యమైనకొలది దాని జాడ దొరకుట కష్టము.

1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించుకొన్న నగరము మనది. చదువు పంచుట మనకు క్రొత్త గాదు. పఠనమందిరముల కేగు యువకులు ఈ విద్యను ఇరుగుపొరుగు వృద్ధులకు నేర్పుదురు గాక!