సంపాదకుని మాట: ముందు గాలి, తర్వాత ఖరీదు

1990లో డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ రాక్‌షాక్స్ సస్పెన్షన్ ఫోర్కుతో డౌన్‌హిల్ గెలిచాడు. మౌంటెన్ బైక్‌ను విడిభాగాలు ఏరి కట్టించుకునేవారి చూపు అప్పటినుంచీ ఫోర్కు మీదే. మా వాదన వేరు: డబ్బు ముందు టైర్లకూ బ్రేకులకూ పెట్టాలి, సస్పెన్షన్‌కు ఓపిక పెట్టాలి. 150 మిల్లీమీటర్లు కదిలే గాలి ఫోర్కు, మనిషి ఎక్కి నిలబడగానే సుమారు 30 మిల్లీమీటర్లు కుంగాలి. గాలి ఎక్కువైతే కుంగదు, చక్రం రాళ్ల మీద ఎగిరి పట్టు వదిలేస్తుంది. తక్కువైతే గట్టి దెబ్బకు అడుగంటుతుంది. ఎంత ఖరీదైన ఫోర్కుకైనా ఇదే లెక్క. ఫోర్కు కదలికను అదుపుచేసే డ్యాంపర్ మేలురకమైతే పొడవాటి దిగుడుల్లో నిలకడగా ఉంటుంది కదా అంటారు. నిజమే. కానీ కుంగిన ఫోర్కు తిరిగి లేచే వేగాన్ని మార్చే రీబౌండ్ నాబ్ తప్పుగా తిప్పి ఉంటే ఆ మేలు చేతికందదు. (దుకాణంలో కొట్టిన గాలి మీ బరువు చూసి కొట్టింది కాకపోవచ్చు!) అందుకే ఈ సంచికలో ధరల పట్టికలు తగ్గించి, ఫోర్కులో గాలి కొట్టే షాక్ పంపుకు ఎక్కువ పేజీలిచ్చాం.