గచ్చు కింద కారే గొట్టం - బాధ్యత ఎవరిది?

పాతపట్నం: గోడ అడుగున చెమ్మ పట్టి సున్నం రాలుతుంటే వానాకాలం కదా అని ఊరుకునేవారే ఎక్కువ. కానీ వాన వెలిసి నెల గడిచినా చెమ్మ ఆరకపోతే గచ్చు కింద ఎక్కడో గొట్టం కారుతున్నదేమోనని అనుమానించాలి. కంటికి కనిపించే కుళాయి కారితే ఆ పూటే బాగు చేయించే గృహస్థు, కాంక్రీటు కింద కారే నీటిని నెలల తరబడి గుర్తించలేడు. ఇది ఒక ఇంటి ఖర్చుతో తీరిపోయే వ్యవహారమూ కాదు. వీధి ఆరోగ్యానికి సంబంధించిన సమస్య.

వరుస ఇళ్ల చిక్కు

శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో చాలాచోట్ల ఇళ్లు గోడకు గోడ ఆనుకొని వరుసగా ఉంటాయి. ముందు వీధి గుమ్మం, వెనుక పెరడు. పక్కన సందు లేనందున వెనుక వంటింటికి నీరు పోవాలంటే గొట్టాన్ని ఇంటి పొడవునా గచ్చు కిందుగా వేయవలసి వస్తుంది. పూర్వం వేసిన ఇనుప గొట్టాలు తుప్పు పట్టి చిల్లులు పడతాయి. ప్లాస్టిక్ గొట్టాలకు తుప్పు భయం లేదు గానీ జిగురు సరిగా పట్టని అతుకుల వద్ద, పునాదిలో నింపిన మన్ను దిగబడిన చోట ఊడిపోతాయి. కారే నీరు మట్టిని కోసుకుపోవడంతో గచ్చు కింద డొల్ల ఏర్పడి బండలు కుంగుతాయి. గోడ ఉమ్మడిది కాబట్టి ఒకరి ఇంట్లో లీకు పక్కవారి గదిలో చెమ్మగా తేలుతుంది. తగవు అక్కడ మొదలవుతుంది.

పోయే నీరు, వచ్చే మురుగు

సెకనుకు ఒక బొట్టు కారినా రోజుకు సుమారు 20 లీటర్లు పోతాయి. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క కట్టింది. అంటే ఒక మనిషి వాటాలో మూడో వంతుకు పైగా మట్టి పాలు.

అంతకంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. పల్లెల్లో నీరు రోజంతా రాదు. కొంతసేపు వదిలి కట్టేస్తారు. నీరున్నంతసేపు చిల్లు నుంచి బయటకు కారుతుంది. కట్టేశాక ఖాళీ అయిన గొట్టం అదే చిల్లు గుండా చుట్టుపక్కల నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కన మురుగు కాలువో, మరుగుదొడ్డి గుంతో ఉంటే ఆ నీరే మరునాటి మొదటి బిందెలో పడుతుంది.

ఇది ఉత్త భయం కాదు. 2018 మార్చిలో గుంటూరులో మంచినీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది. పది మందికి పైగా మరణించారు. 2024 అక్టోబరులో పొరుగున ఉన్న విజయనగరం జిల్లా గుర్లలో అతిసారంతో పలువురు ప్రాణాలు కోల్పోయినప్పుడు కూడా కలుషిత నీటి మాటే ముందుకు వచ్చింది.

గునపం పట్టే ముందు

అనుమానం రాగానే గచ్చు తవ్వడం తెలివైన పని కాదు. రాత్రి కుళాయిలన్నీ కట్టి, ట్యాంకులో నీటి మట్టం వద్ద గీత పెట్టాలి. తెల్లవారేసరికి మట్టం దిగితే లీకు ఇంటి లోపలి గొట్టంలో ఉన్నట్టే. మట్టం దిగకుండా, వీధి నీరు వదిలినప్పుడే చెమ్మ పెరిగితే వీధి నుంచి వచ్చే గొట్టాన్ని చూడాలి. నిశ్శబ్దమైన వేళ ఇనుప ఊచ ఒక కొన గచ్చుకు, మరో కొన చెవికి ఆనిస్తే కారే చోట సన్నని చప్పుడు వినబడవచ్చు.

ఒక్క చిల్లే అయితే ఆ బండ లేపి బాగుచేయవచ్చు. ఇనుప గొట్టం పాతబడితే ఒకచోట అతికించినా మరోచోట కారుతుంది. అటువంటప్పుడు పాతదాన్ని రెండు కొనలా మూసివేసి, గోడ వెంట పైకి కనిపించేలా కొత్త గొట్టం వేయించుకోవడం మేలు. చూపుకు అందం తగ్గినా మళ్లీ గచ్చు పగలగొట్టే పని ఉండదు.

గుమ్మం దాకా వచ్చి ఆగిన బాధ్యత

హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరిచ్చే రూ.700 కోట్ల పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. కోట్లు ఖర్చు చేసి మైళ్ల కొద్దీ వేసే గొట్టం గుమ్మం వద్ద ఆగుతుంది. లోపలి ఇరవై అడుగులు గృహస్థు పూచీ. అది న్యాయమే. అయితే ఆ ఇరవై అడుగుల్లోని చిల్లు వీధి గొట్టంలోకే మురుగును ఎక్కించగలదు. గుమ్మం బయట మరో తప్పు జరుగుతున్నది. గొట్టం సంగతి తేల్చకుండా సిమెంటు రోడ్డు పోస్తే, లీకు వచ్చిన నాడు రోడ్డునే తవ్వాలి.

రాజ్యాంగం 11వ షెడ్యూలు పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో తాగునీటిని చేర్చింది. రోడ్డు పోసే ముందు గొట్టంలో నీరు నింపి పరీక్షించడం, మురుగు కాలువల్లోంచి పోయే గొట్టాలను తప్పించడం, ప్రతి గుమ్మం వద్ద నీరు వెనక్కు పోకుండా ఆపే వాల్వు పెట్టించడం, చివరి కుళాయి వద్ద కూడా క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూడడం మోయలేని భారమేమీ కాదు. గచ్చు తవ్వించుకునే స్తోమత లేని ఇళ్లకు కొంత సాయం కూడా అవసరం.

ఎన్ని కుళాయిలు ఇచ్చారో లెక్క రాసుకుంటే సరిపోదు. వానలు పడకముందే పాత గొట్టాల తనిఖీకి పంచాయతీలు, గ్రామీణ నీటి సరఫరా శాఖ పూనుకోవలసి ఉంది. తెల్లవారి పట్టిన మొదటి బిందె నీటిని ఇల్లాలు బిడ్డకు భయం లేకుండా తాగించగలిగిననాడే ఇంటింటి కుళాయికి అర్థం.