నింద మోసే సెన్సర్

జడ్చర్లలో హైవే దిగి మహబూబ్‌నగర్ దారి పట్టగానే డ్యాష్‌బోర్డులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగింది. కంగారొద్దు. నిలకడగా వెలుగుతుంటే మెల్లగా షెడ్డుదాకా వెళ్లొచ్చు. అదే ఆరుతూ వెలుగుతుంటే మాత్రం బండి పక్కన ఆపేయాల్సిందే. కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి దాన్ని మాడ్చేస్తుంది మరి.

స్కానర్ పెడితే 'పి0171' అని వచ్చిందనుకోండి. గాలి ఎక్కువైంది, లేదా పెట్రోలు తక్కువైందని అర్థం. మామూలుగా కిలో పెట్రోలు కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్క తప్పిందని పసిగట్టేది పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్. చాలాచోట్ల ముందు దాన్నే పీకి కొత్తది వేస్తారు! వేలు వదులుతాయి, దీపం మళ్లీ వెలుగుతుంది.

అసలు గుట్టు 'ఫ్యూయల్ ట్రిమ్' అంకెలో ఉంది. కంప్యూటర్ ఎంత శాతం పెట్రోలు అదనంగా పంపుతోందో అది చెబుతుంది. బండి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, 2500 ఆర్‌పీఎం దగ్గర తగ్గిందంటే ఎక్కడో గాలి దొంగచాటుగా దూరుతున్నట్టే. బీటలిచ్చిన వ్యాక్యూమ్ పైపు, మానిఫోల్డ్ గాస్కెట్ చూడాలి. (పాలమూరు ఎండలకు రబ్బరు ఓ లెక్కా!) వేగం పెంచేకొద్దీ అంకె పెరుగుతుంటే ఫిల్టరు, పంపు, ఇంజెక్టర్లను అనుమానించాలి. ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉన్న బండిలో దుమ్ము పట్టినా ఇదే తంతు.

ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత బండ్లలో ట్రిమ్ కాస్త పైనే ఉంటుంది. దానికి చిన్న లీకు తోడైతే చాలు, దీపం వెలుగుతుంది.

కోడ్ చెరిపించేముందు ఆ అంకెల్ని ఓ కాగితమ్మీద రాయించుకోండి. చెరిపితే కోడ్‌తోపాటు అవీ పోతాయి.