రుజువు అడిగే నాథుడేడీ?

ఒకే మూసలో ఉండే పరిశోధన పత్రాలు మా దగ్గరికి సమీక్షకు వస్తూనే ఉంటాయి. ఏడో తరగతి గణితం, కొత్త యాప్, నాలుగు వారాల ప్రయోగం, మార్కులు బ్రహ్మాండంగా పెరిగాయన్న ముగింపు. లోపలికి వెళ్తే గుట్టు తెలుస్తుంది. పోల్చి చూడటానికి యాప్ వాడని పిల్లలు లేరు. ప్రశ్నపత్రం తయారుచేసింది ఆ యాప్ చేసినవాళ్లే. మొదటి పట్టికలో ఉన్న పిల్లల్లో మూడోవంతు చివరి పట్టికలో కనబడరు. వాళ్లు మానేశారా, విసిగిపోయారా, వాళ్లకు మార్కులు తగ్గాయా? ఒక్క ముక్క రాయరు. ఆ ప్రశ్నలన్నీ రాసి పత్రాన్ని వెనక్కి పంపుతాం. ఆలోగా ఆ యాప్ ఏదో ఒక బడిలోకి వచ్చేసి ఉంటుంది.

చదువులో కంప్యూటర్ల వాడకంపై వచ్చే పరిశోధనను సమీక్షించడం మా పని. రాత్రిళ్లు, సెలవు రోజుల్లో, పైసా తీసుకోకుండా చేస్తాం. అన్ని శాస్త్రాలూ కలిపి ఒక్క 2020లోనే సమీక్షకులు 10 కోట్ల గంటలకు పైగా ఈ పనికి వెచ్చించారని ఒక అంచనా. డబ్బు రాలేదని బాధ లేదు. ఇంత కష్టపడి తేల్చినదాన్ని, కొనేవాళ్లు ఒక్కసారైనా అడగరు. కడుపు మండేది అందుకు!

మేం తేల్చింది బ్రహ్మరహస్యమా? చదువు వచ్చేది పాఠం చెప్పే తీరు వల్లే గానీ దాన్ని మోసుకొచ్చే సాధనం వల్ల కాదని 1983లోనే విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు వడపోసి రాశాడు. సినిమా, రేడియో, టీవీ తరగతి గదిలోకి ఎంత ఆర్భాటంగా వచ్చాయో, ఎలా మూలన పడ్డాయో 1986లో విద్యా చరిత్రకారుడు లారీ క్యూబన్ ఏకంగా పుస్తకమే రాశాడు. అయినా పెరూ ప్రభుత్వం ఎనిమిది లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు కొని పిల్లలకు పంచింది. 319 పల్లె బడుల్లో పరీక్షించి చూస్తే గణితంలోనూ భాషలోనూ మెరుగుదల కనబడలేదని 2012లో నివేదిక వచ్చింది. బడుల్లో కంప్యూటర్లపై భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చెప్పుకోదగ్గ ఫలితం లేదని 2015లో సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ కూడా చెప్పింది.

మేం యంత్రాలకు శత్రువులం కాం. ఢిల్లీలో 619 మంది పిల్లలపై కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో ఒక సాఫ్ట్‌వేర్‌పై నేర్చుకుంటూ, నాలుగున్నర నెలల్లో పిల్లలు గణితంలోనూ హిందీలోనూ బాగా ముందుకొచ్చారు. ఎందుకు? పిల్లవాడు కూర్చున్న తరగతిని పక్కనపెట్టి, అతను ఎక్కడ ఆగిపోయాడో ఆ సాఫ్ట్‌వేర్ పట్టుకుంది. అక్కణ్నుంచే పాఠం మొదలుపెట్టింది. గుజరాత్‌లో లీ లిండెన్ చేసిన అధ్యయనం ఇంకా కళ్లు తెరిపిస్తుంది. బడి తర్వాత అదనంగా వాడితే పిల్లలకు మేలు చేసిన కంప్యూటర్ పాఠమే, టీచర్ చెప్పే సమయాన్ని మింగేస్తే నష్టం చేసింది. తెలుసుకోవాల్సింది ఇది! కొనేముందు ఈ రెండు పత్రాలూ చదవడానికి ఒక్క పూట చాలు. ఆ ఒక్క పూట ఎవరికీ దొరకదా?

మన సంగతే చూడండి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు బైజూస్ పాఠాలతో 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. 2024కల్లా ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఆ ట్యాబ్‌ల పంపకంపై మన దగ్గర జరిగిన రభస అంతా దేని గురించి? ట్యాబ్ ధరెంత, ఘనత ఎవరిది, పిల్లలు అందులో సినిమాలు చూస్తున్నారా? పిల్లకు భిన్నాల కూడికలు వచ్చాయా అన్న ప్రశ్న ఆ గోలలో ఎక్కడ వినబడింది? ఇచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ కూడా దాన్ని గాలికొదిలేశారు.

ఈ జబ్బు మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో 17 రాష్ట్రాల టీచర్లను, అధికారులను అడిగితే, ఒక ఉత్పత్తిని తీసుకునేముందు సమీక్షకు నిలిచిన రుజువు అడిగామన్నవాళ్లు నూటికి 11 మందేనని 2023లో యునెస్కో నివేదిక బయటపెట్టింది. పిల్లలకు వేసే టీకాకు పరీక్షలు కావాలి. వాళ్ల చదువులోకి చొప్పించేదానికి మాత్రం అమ్మేవాడి మాట చాలు! పోయేది ప్రజల సొమ్మే అయితే మళ్లీ సంపాదించుకోవచ్చు. ఎనిమిదో తరగతిలో వృథా అయిన ఏడాదిని ఆ పిల్లకు ఏ టెండరుతో తిరిగి తెచ్చిస్తారు?

అధికారులకు చెప్పేది ఒక్కటే. టెండరు పిలిచేముందు, ఆ వస్తువుతో సంబంధంలేని వాళ్లు చేసిన పరీక్ష ఫలితాలు అడగండి. లేకపోతే ముందు కొన్ని బడుల్లో పెట్టి కొలవండి, లాభమైనా నష్టమైనా ఆ లెక్క జనం ముందు పెట్టండి. తల్లిదండ్రులూ, రేపు మీ పిల్లల బడిలో కొత్త యాప్ అంటూ ఫీజు పెంచితే, దీనివల్ల ఎవరికి, ఎక్కడ, ఎంత చదువు వచ్చిందో కాగితం మీద చూపించమనండి. చూపించేదాకా ఒప్పుకోకండి.