మగ్గం ఇళ్ల పిల్లలకు ఫొటోగ్రఫీ నేర్పుదాం

పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం చేనేత పెద్దలకు, అక్కడి ఉపాధ్యాయులకు, ఫొటో స్టూడియోలు నడిపేవారికి, ఊరు వదిలి పట్నంలో స్థిరపడ్డ బిడ్డలకు ఒక విన్నపం.

మన చీరల ఫొటోలకు కొదవ లేదు. ఆ చీర వెనకున్న పనికే ఫొటోలు లేవు. చూడ్డానికి వచ్చినవాళ్లు మగ్గం దగ్గర నాలుగు తీసుకుని వెళ్తారు, అవి మళ్లీ ఆ ఇంటికి రావు. ఈలోగా పనులే మారిపోతున్నాయి. ఆసు పోయడమే చూడండి. నూలును మేకుల చుట్టూ తిప్పుతూ ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి ఆడించి మన తల్లులు భుజాలు అరగదీసుకున్నారు. అమ్మ బాధ చూడలేక చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. ఆ కష్టం తప్పింది, ఎంతో మేలు జరిగింది. కానీ చేత్తో ఆసు పోసిన తల్లులు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు చేసి చూపిస్తుండగా మనవలు ఇప్పుడే ఫొటోలు తీసి దాచాలి.

ఈ ఫొటోలు బయటివాళ్లకంటే ఇంటి పిల్లలే బాగా తీస్తారు. సైకిల్ ట్యూబు పట్టీలతో చిటికి కట్టేటప్పుడు అమ్మ వేళ్లు ఎక్కడ ఆగుతాయో, అద్దకం అయ్యాక ఏ పట్టీ విప్పితే రంగు అంటని నూలు బయటపడుతుందో వాళ్లకు ముందే తెలుసు. తెలియనిది వెలుతురు సంగతి. గుంట మగ్గం ఉన్న గది మసకగా ఉంటుంది. ఫ్లాష్ వేస్తే నూలు మెరిసిపోయి చెయ్యి కనబడదు. ఫ్లాష్ ఆపి తలుపు తీయాలి. ఫోన్‌ను గోడకు ఆనించి తీయాలి, మగ్గానికి ఆనిస్తే అదురుతుంది. ఇది నేర్పడానికి ఒక పూట చాలు.

అంతకంటే ముఖ్యం, అడిగి తీయడం నేర్పాలి. కొత్త డిజైను మగ్గం మీద ఉండగానే ఫొటో బయటికి పోతే, నేత పూర్తయ్యేలోపే అది ప్రింటు చీరై బజారులోకి దిగవచ్చు. 2005లో పోచంపల్లి నేతకు భౌగోళిక గుర్తింపు వచ్చినా ఈ నకళ్ల బెడద తీరలేదు. నేతన్న ఒప్పుకున్నదే తీయాలి, ఎవరికైనా పంపే ముందు మళ్లీ అడగాలి. ఫొటో కింద మనిషి పేరు, చేస్తున్న పని, తేదీ రాయాలి.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు, బడి మొహం చూడనివాళ్లు సైతం, కెమెరా పట్టి తమ సేద్యం మీద సినిమాలు తీశారు. మన పిల్లలూ తీయగలరు.

స్టూడియోవాళ్లు నెలకొక ఆదివారం ఇవ్వండి. పట్నంలో ఉన్నవాళ్లు మూలన పడేసిన ఫోన్లలో కెమెరా బాగున్నవి పంపండి. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. ఆ మధ్య రోజుల్లో పిల్లల ఫొటోలు ప్రింటు వేయించి ఊళ్లోనే, చేనేత సహకార సంఘంలోనో బడిలోనో ప్రదర్శనకు పెడదాం. ముందుగా ఆసు పోసిన తల్లులను పిలిచి చూపిద్దాం. మీరు ఏది ఇవ్వగలరో ఈ వారమే మీ ఊరి బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయులతో చెప్పండి.