‘శుద్ధమైన ఇంగ్లీషు’ ఎవరి ఇంటి మాట?

తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, బిడ్డకు ఒకటి చొప్పున ఇంగ్లీషులో ఖాయమైన మాటలు వున్నాయనీ, వాటిని దాటితే అది ‘తప్పు ఇంగ్లీషు’ అవుతుందనీ మన ఉపాధ్యాయ మిత్రుల్లో చాలామంది నమ్మకం. ఈ నమ్మకం వాస్తవ విరుద్ధం. అంతేకాదు, శ్రమజీవుల మాట పట్ల చిన్నచూపును అది పిల్లలకు లేత వయసులోనే అలవాటు చేస్తున్నది. అందుకే దీన్ని ఎదుర్కోవాలంటున్నాను.

ముందు వాస్తవాలు చూద్దాం. లండన్ చుట్టుపట్ల తల్లి ‘మమ్’. ఉత్తర ఇంగ్లండులోనూ వేల్సులోనూ ఆమె ‘మ్యామ్’. బర్మింగ్‌హామ్ పరిసరాల్లో ‘మామ్’, ఐర్లండులో ‘మ్యామీ’. ఇంగ్లండు దక్షిణాదిన ‘న్యాన్’ అనిపించుకునే ముసలమ్మ ఉత్తర వేల్సులో ‘నైన్’, దక్షిణ వేల్సులో ‘మమ్‌గీ’ అవుతుంది. ఈ రెండూ వేల్సు భాషా పదాలే అయినా అక్కడి ఇంగ్లీషు సంభాషణలోనూ వినబడతాయి. బిడ్డను న్యూకాజిల్ మొదలు స్కాట్లండు దాకా ‘బేర్న్’ అంటారు. గ్లాస్గోలో ‘వేన్’ అంటారు.

‘బేర్న్’ గ్రామ్యమట! ప్రాచీన ఇంగ్లీషులో వున్న మాట అది. నేటికీ డెన్మార్కు, నార్వే, స్వీడన్ దేశాల్లో బిడ్డను ‘బార్న్’ అనే అంటారు. ‘చైల్డ్’ ఎంత పాతదో ‘బేర్న్’ కూడా అంత పాతదే. ఒకటి బడికెక్కింది, మరొకటి బొగ్గుగనిలోకి దిగింది. తేడా అంతే. అలాగే ‘మామ్’ రాసిన విద్యార్థికి ‘ఇది అమెరికా యాస’ అని ఎర్రసిరా గీత పెట్టే అయ్యవారికి, బర్మింగ్‌హామ్ కార్మికవాడల్లో తరతరాలుగా తల్లిని అలాగే పిలుస్తున్నారన్న సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

మరి ‘సరైన మాట’ను నిర్ణయించింది ఎవరు? 1954లో అలన్ రాస్ అనే భాషాశాస్త్ర ఆచార్యుడు ఒక వ్యాసం రాశాడు. ఆయన పనిచేసింది ఆ బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోనే! ఇంగ్లండులో ఉన్నత వర్గాన్ని తక్కిన వారి నుంచి స్పష్టంగా వేరుచేసేది ఇక భాష ఒక్కటేనని ఆయన తేల్చాడు. 1956లో నాన్సీ మిట్‌ఫర్డ్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకంతో అది మధ్యతరగతి ఇళ్లలో గుబులు పుట్టించే చర్చ అయింది. ఏ మాట వాడితే పెద్దింటివారు, ఏది వాడితే కారు అన్నదే ఆ చర్చ సారాంశం. ఆస్తి అడ్డుగోడలు పలచబడుతున్నాయన్న భయం కలిగినప్పుడు మాటలతో గోడ కట్టుకోవడమంటే ఇదే.

2022 జూన్‌లో రాణి ఎలిజబెత్ ఏలుబడికి 70 ఏళ్లు నిండిన ఉత్సవం జరిగింది. ఆ వేదిక మీద 73 ఏళ్ల చార్లెస్ తల్లిని ‘మమ్మీ’ అని సంబోధించాడు. ఇంగ్లండులో చాలా ఇళ్లలో పసితనంతోపాటే వదిలేసే ఆ మాటను ఉన్నత కుటుంబాలవారు నెరిసిన తలతో కూడా పలుకుతారు. మన పట్టణాల ఇంగ్లీషు మీడియం బడులు ఆధునికత పేరిట దిగుమతి చేసుకున్న మాట కూడా ఇదే. డరహాం గని కార్మికుని బిడ్డ పలికే ‘మ్యామ్’ మన దాకా రాకపోవడం యాదృచ్ఛికమా?

ఇంకొక్కటి. ‘అవర్ మదర్’ అని రాసిన మన పిల్లవాణ్ణి ‘మై మదర్’ అనాలని దిద్దుతాం. ‘మా అమ్మ’ను ఇంగ్లీషులోకి ఈడ్చావని మందలిస్తాం. కాని ఉత్తర ఇంగ్లండు ఇళ్లలో ‘అవర్ మ్యామ్’, ‘అవర్ టామ్’ అనడం నిత్యవ్యవహారం. మాంచెస్టర్‌లో తోబుట్టువును ‘అవర్ కిడ్’ అంటారు. అన్న అయినా సరే, తమ్ముడైనా సరే. మన పిల్లవాని తప్పు మాంచెస్టర్ కార్మికునికి ఒప్పు!

హెరాల్డ్ ఆర్టన్ నాయకత్వంలో లీడ్స్ పండితులు 1950-61 మధ్య 313 చోట్ల తిరిగి జనం మాటలు సేకరించారు. శ్లాఘనీయమైన కృషే. కాని వారు ఎక్కువగా పల్లెల్లోని వృద్ధులనే అడిగారు. ఫ్యాక్టరీ నగరాల వాడుక చాలావరకు పక్కనే మిగిలిపోయింది. ప్రజల భాషను పాతవస్తువుగా భద్రపరచడం వేరు, బతికిన భాషగా గౌరవించడం వేరు.

‘పరీక్షల్లో, ఉద్యోగాల్లో ప్రామాణిక భాషే అడుగుతారు కదా?’ అని ఆక్షేపించవచ్చు. నిజమే, దాన్ని నేర్పవద్దని నేననను. పేదబిడ్డకు ఆ తలుపు మూయడం అభ్యుదయం కాదు. ప్రాంతీయ పదమల్లా విప్లవకరమనీ అనను. అది ఒక వాడుక అని చెప్పి నేర్పండి. ఏకైక సత్యమని చెప్పి నేర్పకండి. ‘మమ్’ పక్కన ‘మ్యామ్’నూ ‘మామ్’నూ రాసి, ఏది ఏ ఊళ్లో, ఎవరి నోట పలుకుతుందో చెప్పండి.

ఇంగ్లండు పాలకవర్గం మాటనే ఇంగ్లీషుగా పూజించే చెయ్యే, తెలంగాణ పల్లె పిల్ల తల్లిని పిలిచే ‘అవ్వ’నూ, రాయలసీమ పిల్ల నాయనమ్మను పిలిచే ‘జేజి’నీ కొట్టివేస్తున్నది. ఎర్రసిరా కలం పట్టిన ప్రతి ఉపాధ్యాయుడూ గీత గీసేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నేను దిద్దుతున్నది తప్పునా, ఒక ఇంటినా?